మూత తెరవకముందే

తుపాకీ ఆగిపోతే నాకు కోపం రాదు. ఆగిన తుపాకీ చుట్టూ మూగి, లోపల ఏముందో చూడకుండా తలా ఒక కారణం చెప్పేవాళ్ళను చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

పాతబస్తీలోని ఒక సాయుధ పోలీసు దళంలో నేను ఆర్మరర్‌ని. పేరు వినడానికి ఘనంగానే ఉంటుంది గానీ చేసేది మెకానిక్ పనే. స్కూటర్లకు బదులు తుపాకులు, అంతే తేడా. నాకు పని నేర్పిన ఉస్తాద్ బూతులు ఎక్కువ, పాఠాలు తక్కువ అన్న రకం. ఆయన చెప్పిన వాటిలో ఒక్క మాట మాత్రం నా బుర్రలో మేకులా దిగిపోయింది.

“ముందుగాల మూత తెర్వు బిడ్డా. నోరు అటెన్క తెర్వు.”

లోపల చూడకుండా ఎవరిదీ తప్పనకూడదని ఆయన ఉద్దేశం. ఇన్నేళ్ళ కొలువులో ఆ మాట తప్పలేదని గర్వంగా చెప్పుకునేవాణ్ణి. ఆ మాటే ఒకసారి నా మెడకు చుట్టుకుంది.

మా ఆయుధాల గదిలో నా ప్రాణాలు తోడేసేది ఒక్కటే, బెల్టుతో గుండ్లు తినే మెషిన్‌గన్. మామూలు తుపాకీకి గుండ్లు డబ్బాలో పెట్టి తగిలిస్తాం. దీనికి అలా కాదు. చిన్న చిన్న ఇనుప లింకులు గుండ్లను ఒకదానికొకటి పట్టుకొని పొడవాటి దండలా ఉంటాయి, అదే బెల్టు. తుపాకీ పైనున్న మూత తెరిచి పెడితే ఆ దండ ఒక పక్కనుంచి లోపలికి పోతుంది. పేలిన గుండు తొడుగు ఒక దారిన, విడిపోయిన లింకు ఇంకో దారిన రాలిపోతాయి. దండ కొంచెం బిగిసినా, లింకు గుండును వదలకపోయినా, పళ్ళెంలో అన్నం పెట్టాక అలిగిన కొత్త అల్లుడిలా టక్కున ఆగిపోతుంది. ఎందుకు అలిగావయ్యా అంటే చెప్పదు.

ఆ తుపాకీ పేల్చే గన్నర్ బార్కస్ బస్తీ మనిషి. వాళ్ళ ముత్తాతలు అరబ్బు దేశం నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరినవాళ్ళట. నాకంటే బాగా చిన్నవాడు. నేను జల్‌పల్లిలో ఉంటాను కాబట్టి పొద్దున డ్యూటీకి వచ్చేటప్పుడు బార్కస్‌లో ఆగి అతన్ని బండి మీద ఎక్కించుకుంటాను. జామకాయల కాలంలో జేబులో రెండు కాయలు, కాగితంలో ఉప్పూకారం తెచ్చి, సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు వెనకనుంచి నా నోటికి అందించేవాడు. మాటకారి. దారంతా ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు.

మెషిన్‌గన్ అంటే అతనికి పిచ్చి. గేటు దగ్గర కాపలా కాస్తూ, అడిగి అడిగి, చివరికి గన్నర్ అయ్యాడు. వాళ్ళమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది. ఆ ఏడాది దళాల మధ్య జరిగే ఫైరింగ్ పోటీకి మా జట్టు గన్నర్‌గా అతన్నే అనుకున్నారు. పోటీకి వెళ్ళాలంటే ముందు మైదానంలో మా ఆర్‌ఐ సార్ ఎదుట తుపాకీ ఆగకుండా పేల్చి చూపాలి. ఆర్‌ఐ అంటే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, మా అందరికీ పై అధికారి.

దసరా దాకా అంతా బాగానే ఉంది. దసరా తర్వాత మొదటి ప్రాక్టీసులోనే తుపాకీ ఆగింది. ఒక గుండు సగం లింకులో, సగం బయట, వంకరగా నిలబడి ఉంది. తీసేసి మళ్ళీ మొదలుపెట్టాడు. కాసేపు బాగా పేలింది. మళ్ళీ ఆగింది. రెండో బెల్టు ఒక్కసారి కూడా ఆగకుండా పోయింది. మూడోది మొదటి గుండుకే మొండికేసింది.

ఎప్పుడూ ఆగే తుపాకీని బాగుచేయొచ్చు. ఒకసారి ఆగి ఒకసారి నడిచేదాన్ని బాగుచేయడం కన్నా పిల్లిని బడికి పంపడం నయం.

విప్పాను. లోపల దండను లాగే పంజాలు చూశాను, బాగున్నాయి. స్ప్రింగులు మార్చాను. తొడుగును వెనక్కి లాగే కొక్కెం మార్చాను. గుండ్ల పెట్టె మార్చి వేరే తయారీ గుండ్లు తెప్పించాను. దండ లోపలికి పోయే దారిని అద్దంలా తుడిచాను. మళ్ళీ మైదానానికి తీసుకెళ్తే రెండు బెల్టులు బ్రహ్మాండంగా పేలి, మూడోది మధ్యలో ఆగింది. నాకు అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది.

“ఏంది భాయ్, బెల్టు సక్కగ పట్టుకున్నవా? మెలి గిట్ల పడ్డదా?” అని అడిగాను.

“సక్కగనే పట్టుకున్న అన్నా,” అన్నాడు అతను. ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. నేను పట్టించుకోలేదు.

లింకులు చూడలేదా అని అడుగుతారేమో. చూశాను. కొత్త లింకుల కోసం రాస్తే అవి ఎప్పుడొస్తాయో ఆ పైవాడికే ఎరుక. అందుకని రాలిన లింకులనే ఏరి, గోనెసంచిలో వేసి, వాటికే మళ్ళీ గుండ్లు ఎక్కించి బెల్టు చేస్తాం. మా దగ్గర ఎప్పటినుంచో ఇదే పద్ధతి. వంగినవి, పగిలినవి ఏరి పారేశాను. కొన్నిటి లోపల పచ్చగా, ఎర్రగా మరక కనిపించింది. వాన మొన్నటిదాకా పడింది కదా, తుప్పు అనుకున్నాను. సంచి మొత్తం కిరోసిన్‌లో ముంచి, నూనె పోసి నానబెట్టాను. తుప్పుకు అదే మందు. దాంతో తుపాకీ ఇంకా ఎక్కువసార్లు ఆగడం మొదలుపెట్టింది.

ఇక సలహాలు. కూరగాయల మార్కెట్‌లో కూడా అంత లొల్లి ఉండదు. ఒకడు గొట్టం అరిగిందన్నాడు. ఒకడు గుండ్లకు చెమ్మ పట్టిందన్నాడు. ఇంకొకడు తుపాకీకి దిష్టి తగిలిందన్నాడు. మా ఆయుధాల గది స్టోర్ చూసే పెద్దాయన మాత్రం బాధగా తల ఊపాడు. యాకుత్‌పురాలో తాతల నాటి ఇంట్లో ఉండే ఆయన మా అందరికంటే పెద్ద, మహా భక్తుడు. దసరా ఆయుధ పూజ ఆయన చేతుల మీదుగానే జరగాలి.

“ఇంత మంచిగ పూజ చేసినా గిట్లెందుకైతున్నదో ఏమో,” అన్నాడు.

ఆర్‌ఐ సార్ ఒకరోజు నన్ను పిలిచారు.

“మిషన్‌ల తప్పు ఏమన్న ఉందా?”

“విప్పి అంతా చూసిన సార్. మిషన్ మంచిగనే ఉంది.”

“గుండ్లల్ల?”

“గుండ్లు గూడ మంచియే సార్.”

“మిషన్ మంచిది, గుండ్లు మంచియి. మరి ఇంకేం మిగిలింది? మనిషే గదా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్లుంది మీ గన్నర్ కథ.”

తుపాకీ బాగుందని నేను ఎంత నిజాయితీగా చెబితే అతను అంత లోతుకు దిగిపోతున్నాడు. బాగులేదని అబద్ధం చెప్పలేను, ఏది బాగులేదో చూపించనూలేను. కొంచెం టైమ్ ఇవ్వండి సార్ అన్నాను. ఆయన ఇవ్వలేదు. ఆ వారమే అతన్ని గన్ మీదనుంచి తీసి మళ్ళీ గేటు డ్యూటీకి వేశారు. గన్ దగ్గరికి ఇంకొకణ్ణి తెచ్చారు.

మర్నాడు పొద్దున బార్కస్‌లో ఎప్పటిలాగే బండి ఎక్కాడు. దారిలో ఒక్క మాట లేదు. జామకాయ లేదు. చాంద్రాయణగుట్ట సిగ్నల్ దగ్గర నేనే అన్నాను.

“ఫికర్ చెయ్యకు భాయ్. నేను పట్టుకుంట ఆ తప్పేందో.”

“ఛోడో అన్నా, ఇడిసిపెట్టు,” అన్నాడు. అంతే.

ఆదివారం ఇంట్లో గొడవ. నా భార్య బట్టలు ఉతుకుతూ యూనిఫాం ప్యాంటు తెచ్చి నా మొహం ముందు పెట్టింది. జేబు చుట్టూ రక్తం అంటినట్టు ఎర్రటి మచ్చ. నేను జేబుల్లో మర్చిపోయిన రెండు లింకులు ఆమె చేతిలో ఉన్నాయి.

“ఇయి జేబుల ఏసుకొని తిర్గుతవా? ప్యాంటు పాడైంది సూడు.”

“తుప్పు మరకనే. నిమ్మకాయ రుద్దితే పోతది.”

“తుప్పా? నీ మొకం! తుప్పు సబ్బుకు ఎర్రగైతదా? ఇది పసుపు. పసుపుకు సబ్బు తగిల్తే గిట్లనే ఎర్రగైతది. గీ ఇనుప ముక్కకు పసుపెవరు పెట్టిన్రు?”

నేను ఒక లింకు తీసుకున్నాను. వేడినీళ్ళ బకెట్లో ప్యాంటుతో పాటు నానింది కాబట్టి జిగురు పోయి నున్నగా జారుతోంది. వారం రోజులు కిరోసిన్‌లో నానబెట్టినా పోని జిగురు! రెండో లింకును వెనక జేబులోంచి ముందే తీసేసిందట, నీళ్ళు తగలక అలాగే ఉంది. లోపల వేలు పెడితే అంటుకుంది. నాలుక కొసకు తగిలించి చూశాను. నా భార్య నాకు పిచ్చి పట్టిందనుకుంది. నూనె వాసన కింద సన్నగా తియ్యగా ఉంది.

పసుపు. కొబ్బరినీళ్ళు.

ఒక్కసారిగా అంతా కళ్ళముందు కదిలింది. దసరా నాడు పెద్దాయన పేలని డమ్మీ గుండ్లతో పొడవాటి బెల్టు కట్టించి మెషిన్‌గన్ మెడలో పూలదండతో పాటు వేస్తాడు. తడి పసుపు ముద్ద చేసి ఒక్కొక్క గుండుకూ, లింకుకూ బొట్టు పెడతాడు, పైన కుంకుమ. ఒక్కటి కూడా వదలడు. తర్వాత కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు అన్నిటి మీదా చల్లుతాడు. తుపాకీని మర్నాడే నేను విప్పి శుభ్రం చేశాను. బెల్టు విప్పేసి, డమ్మీ గుండ్లను పెట్టెలో, లింకులను సంచిలో వేశారు. ఆ లింకులు మంచివాటితో కలిసిపోయాయి. అవి ఎక్కువపడ్డ బెల్టు ఆగేది, పడని బెల్టు పోయేది. ఎండిన కొబ్బరినీళ్ళు గుండును లింకుకు అతికిస్తుంటే నేను తుపాకీ పేగులు తీసి చూస్తున్నాను. పైగా దాని మీద నూనె పోసి ఇంకా జిగట చేశాను. కొండను తవ్వి ఎలుకను పట్టడం కూడా కాదు, ఎలుక నా జేబులోనే తిరుగుతోంది.

అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. ముందు మూత, తర్వాతే నోరు! రుజువు చేశాకే చెబుదామనుకున్నాను. సోమవారం మెస్‌లోంచి పెద్ద గిన్నె తెచ్చి, నీళ్ళు మరిగించి, సంచిలోని లింకులన్నీ కడిగి ఎండలో ఆరబెట్టాను. ఒక పిడికెడు మాత్రం కడగకుండా దాచాను. మంగళవారం ప్రాక్టీసులో కొత్త గన్నర్ కూర్చున్నాడు. బెల్టు తర్వాత బెల్టు, ఎక్కడా ఆగలేదు. నాకు గాలిలో తేలుతున్నట్టుంది. ఆర్‌ఐ సార్ దగ్గరికి ఉరికాను.

ఆయన అప్పటికే పక్కవాళ్ళతో నవ్వుతున్నారు.

“సూసిన్రా? చెయ్యి మారంగనే పని మారింది. నేనన్నది గదే.”

అందరూ తలలు ఊపారు. పెద్దాయన కూడా ఊపాడు. చెప్పాలనుకున్నది చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను. నేను కడిగింది లింకులను, కొట్టుకుపోయింది అతని పేరు.

సాయంత్రం బార్కస్‌లో బండి ఆపి అతన్ని టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టాను. పసుపు సంగతి, కొబ్బరినీళ్ళ సంగతి అంతా చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. అతను కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

“నాకెరుకనే అన్నా.”

“ఏమెరుక?”

“పూజైనంక ఆ బెల్టు ఇప్పింది నేనే గదా. వేళ్ళకు పసుపంటింది, జిగట జిగట ఉండె. మొదటిసారి ఆగినప్పుడే శక్ వచ్చింది, గిదేనేమో అని.”

“మరి చెప్పనీకి ఏమైంది? రోజు నా ఎన్క బండి మీద కూసుంటివి! నేను పిచ్చోని లెక్క ఇప్పుతనే ఉంటి గదా!”

“ఎట్ల చెప్పాలె అన్నా?” అతను తలెత్తాడు. “నువ్వు చెప్తే ఆర్మరర్ తప్పు పట్టిండంటరు. నేను చెప్తే? బార్కస్‌వోడు పూజల తప్పు తీసిండంటరు. గన్ పోతే గన్ ఒక్కటే పోతది. గా మాట అంటే నేను దళంల ఎట్ల తిరగాలె?”

కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అతని మీద, నా మీద, ఆ టీ మీద కూడా. నాకు కూడా చెప్పలేకపోయాడంటే నేనూ ఆ మాట అనేవాళ్ళలో ఒకణ్ణే అనుకున్నాడన్నమాట. ఇన్నాళ్ళు జామకాయలు తినిపించిన మనిషి. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

“రేపు సార్‌కు చెప్త,” అన్నాను.

“వద్దన్నా. దుమ్ముండె, కడిగిన అని చెప్పు. పూజ పేరు తియ్యకు.”

“దుమ్మంటే నువ్వు గేటు కాడనే ఉంటవ్.”

అతన్ని ఇంటి దగ్గర దింపి వెళ్ళిపోయాను.

మర్నాడు ఆర్‌ఐ సార్ గదిలోకి దాచిన లింకులూ, ఒక బట్టల సబ్బు ముక్కా, చెంబెడు నీళ్ళూ పట్టుకెళ్ళాను. పెద్దాయనను కూడా రమ్మన్నాను. వెనక మాట్లాడటం నాకు చేతకాదు. తడిపిన గుడ్డతో లింకు లోపల తుడిచి, ఆ గుడ్డకు సబ్బు రుద్దాను. బల్ల మీదే గుడ్డ ఎర్రబడింది. సంగతంతా చెప్పాను.

సార్ మొహం చిట్లించారు. “పూజ చేస్తే మిషన్ ఆగిందంటవా? బయట ఈ మాట అంటే ఏమైతదో తెలుసా నీకు?”

“పూజ తప్పంటలేను సార్. లింకులు కడగకుంట సంచిల ఏసుడు తప్పంటున్న. అది మనందరి తప్పు. గన్నర్‌ది కాదు.”

పెద్దాయన ఆ ఎర్రటి గుడ్డకేసే చూస్తున్నాడు.

“మిషన్ మంచిగుండాలె, పోరగాండ్లకు ఏం గావద్దనే పెట్టిన గదరా నేను.”

“నీ మనసు తప్పని ఎవరన్నరు పెద్దన్నా?” అన్నాను. ఆయన మరో మాట లేకుండా బయటికి వెళ్ళిపోయాడు. తర్వాత చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

సార్ కాసేపు బల్ల మీద వేళ్ళతో కొట్టి, “సరే, మీ పాత గన్నర్‌ను ఒకసారి గన్ మీద కూసోపెట్టు,” అన్నారు. కూర్చోబెట్టాను. అన్ని బెల్టులూ ఆగకుండా పేల్చాడు. “మిషన్ మంచిగైంది,” అని సార్ వెళ్ళిపోయారు. అతన్ని మళ్ళీ గన్ మీద వేశారు. పోటీకి కూడా వెళ్ళాడు. బహుమతి రాలేదు, అది వేరే ఏడుపు. నీది తప్పు కాదయ్యా, తొందరపడ్డాం అని మాత్రం ఒక్కరూ అనలేదు. తప్పని అనడానికి పదిమంది వచ్చారు, కాదనడానికి ఒక్కడికీ తీరిక దొరకలేదు.

మరుసటి దసరాకు పెద్దాయన గుండ్లకు బొట్టు పెట్టలేదు. బెల్టు మీద ప్లాస్టిక్ కవర్ కప్పి, కింద ఉన్న చెక్కపెట్టెకు నిండా పసుపు రాశాడు. నాకేసి చూడకుండానే ప్రసాదం నా చేతిలో పెట్టాడు. పోనీలే అనుకున్నాను. అంతా సర్దుకుందనే అనుకున్నాను.

ఆ తర్వాత ఎండాకాలంలో మామూలు ప్రాక్టీసు. గన్ మీద అతనే. నేను పక్కనే ఉన్నాను, వెనక జట్టంతా ఉంది. బెల్టు సగం పోయాక తుపాకీ టక్కున ఆగింది.

అలా ఆగితే గన్నర్ చేయి దానంతట అదే మూత మీదికి పోవాలి. నేర్పేది అదే, వందసార్లు అతను చేసిందీ అదే. ఆ రోజు అతను తుపాకీ వైపు చూడలేదు. రెండు చేతులూ తుపాకీ మీదనుంచి తీసి, పట్టుబడ్డ దొంగలా అరచేతులు కనబడేలా పైకెత్తాడు. వెనక్కి తిరిగి మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు.

“నేనేం చెయ్యలే అన్నా,” అన్నాడు.

నాకు ఉస్తాద్ గుర్తురాలేదు, ఆయన మాటా గుర్తురాలేదు. లోపల ఏముందో నాకు తెలియదు. అతను నిజంగానే బెల్టు వంకరగా పెట్టాడేమో, అదీ తెలియదు.

“తుపాకిదే తప్పు భాయ్!” అని మైదానం అంతా వినబడేలా అరిచాను. “నీది గాదు. చేతులు దించు.”

అతను వెంటనే దించలేదు. ఆర్‌ఐ సార్ అటు తిరిగి ఏదో పని ఉన్నట్టు టోపీ సర్దుకున్నారు. అందరికంటే వెనక నిలబడ్డ పెద్దాయన ముందుకొచ్చి, అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పైకెత్తిన చేతుల్లో ఒకదాన్ని పట్టుకుని కిందికి దించాడు.

నేను అప్పుడు మూత తెరిచాను.